కుక్క కూటిలో ఉప్పు

ఈ మధ్య అట్టపెట్టెల మీదా సంచుల మీదా అక్షరాలు చీమలు చదువుకోవడానికి అచ్చు వేస్తున్నారు. సరుకు పేరు రోడ్డవతలి నుంచి కూడా కనబడుతుంది. అది తినాలా, తాగాలా, ఒంటికి రాసుకోవాలా అన్న చిన్న విషయం దగ్గరికి వచ్చేసరికి అక్షరం ఆవగింజలో సగం అవుతుంది. ఈ విషయమై నేను ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. కళ్లజోడు మాత్రం మార్చాను. అక్షరాలు కూడా పట్టుదలగా ఇంకొంచెం చిన్నవయ్యాయి.

మొన్న మా మనవరాలు కుక్కతిండి సంచి ఒకటి తెచ్చి నా ఒళ్లో పడేసి, ఎంత పెట్టాలో చదివి చెప్పమంది. కుక్క కూడా వచ్చి ఎదురుగా కూర్చుంది, నా చదువు మీద పెద్దగా నమ్మకం లేని చూపుతో. సంచి మీద కుక్క బరువును బట్టి గళ్లు గీసి ఇంతింత అని రాశారు. అన్నిటికీ కింద, భూతద్దం పెడితే ఇంకో వాక్యం కనబడింది. చురుకుగా తిరిగే కుక్కలకూ, పాలిచ్చే తల్లులకూ ఇంతకంటే ఎక్కువ పెట్టవలెను. ఎంత ఎక్కువో రాయలేదు. ఏ జాతి తల్లులో కూడా రాయలేదు.

ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "అమ్మమ్మా, నిద్రపోయినావా?" అని మనవరాలు నా భుజం తట్టింది. నిద్ర కాదు. ముందు తడిసిన కుక్క వాసన వచ్చింది. దాని వెనకే సాంబ్రాణి, వాము పొగ, కాగిన నువ్వుల నూనె వచ్చాయి. వాటన్నిటి వెనకా సముద్రం మీది ఉప్పు గాలి వచ్చింది. ఫ్యాను కింద కూర్చున్న మనిషికి అంత దూరం నుంచి గాలి రావడం అరుదు.

మేం పెరిగింది మా అవ్వావాళ్ల ఊళ్లో. అవ్వ అంటే మా అమ్మకు అమ్మ. ఊరికి తూర్పున బకింగ్‌హాం కాలువ, కాలువ దాటితే సరుగుడు తోపులు, ఆపైన ఇసక, ఆపైన సముద్రం. వానలు పడి వెలిసిన రోజుల్లో కాలువ గట్టుదాకా నిండి నిలిచేది. మా అరుగు మీద నుంచి చూస్తే నీళ్లు కనబడేవి కావు, పడవా కనబడేది కాదు. తెరచాప ఒక్కటే వరిపైరు మీద మెల్లగా నడిచిపోతూ కనబడేది. పడవలు పైరు మీదే పోతాయని నేను చాలా ఏళ్లు నమ్మాను. కాదని ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో పిల్లల నమ్మకాల జోలికి పోయే తీరిక పెద్దవాళ్లకు ఉండేది కాదు.

ఇంట్లో అవ్వ, తాత, అక్క, నేను, ఒక కుక్క. నేను పుట్టిన కొద్దిరోజులకే అమ్మ పోయిందట. నాన్నకు వేరే ఊళ్లో వేరే సంసారం ఉండేది. సంవత్సరానికొకసారి వచ్చి, నేను పొడుగయ్యానని చెప్పి వెళ్లేవాడు. నన్ను మేకపాలు పోసి పెంచారు. కాగితం కనబడితే నేను వదలకపోవడానికి కారణం అదేనని తర్వాత కాలేజీలో నా స్నేహితురాళ్లు తేల్చారు. అమ్మ ఎట్లా పోయిందని అడిగితే తాత ఒక్కసారి మాత్రం చెప్పాడు, పాలు పడలేదు, ఆపైన మనిషీ నిలవలేదు అని. అవ్వ ఆ మాట వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని వెతుక్కునేది. మా ఇంట్లో పనికి కరువు లేదు.

కుక్క తాతది. తేనెరంగు, సన్నటి నడుము, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు నిలబడ్డ చెవులు. శిస్తు వసూలుకు వచ్చే ఒక ఉద్యోగి పేరు పెట్టాడు దానికి. ఆ పెద్దమనిషి వంశం నెల్లూరులో ఇంకా వర్ధిల్లుతోంది కనక ఆ పేరు ఇక్కడ రాయను. ఆడకుక్కకు మగమనిషి పేరేమిటని అడిగినవాళ్లకు, ఆయనకు మాత్రం తెలుసునా ఏంది అనేవాడు తాత. పొలంలో పందికొక్కుల్ని పట్టడం, చెనక్కాయ చేలో నక్కల్ని తరమడం, సరుగుడు తోపులో కుందేలు లేస్తే దాని వెంట సముద్రం దాకా పోయి ఒట్టి నోటితో తిరిగిరావడం దాని పనులు. చివరి పని అది ఇష్టపడి చేసేది.

మా తాతకు మేం ఎంత తింటామో ఏనాడూ తెలియదు. కుక్క ఎంత తినాలో మాత్రం ఆయనకు ఒక సిద్ధాంతం ఉండేది. అరుగు మీద పడుకున్న కుక్కకు గిద్దెడు నూకలు చాలు. పొలం తిరిగే కుక్కకు సోలెడు. పాలిచ్చే కుక్కకు మానెడు. తిరుగుతూ పాలు కూడా ఇచ్చే కుక్క దగ్గర కొలత పాత్ర దాచెయ్యాలి, అది చాలని మొహం తిప్పుకునేదాకా పెడుతూనే ఉండాలి. ఈ సిద్ధాంతం ఆయన అరుగు మీదికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడు. వడ్లు కొనడానికి వచ్చినవాళ్లు కూడా విని తలూపేవాళ్లు. వడ్ల బేరం తర్వాత మొదలయ్యేది.

ఆ ఏడు వానల్లో కుక్క ఈనింది. పెరటి పంచలో గాదె కింద, పాత గోనెల మీద పడుకుని, ఒక వరసలో పిల్లల్ని పేర్చుకుంది. కొన్ని రోజులకు అక్క కూడా ప్రసవించింది. అక్కకు పద్దెనిమిదేళ్లు నిండాయో లేదో. మొదటి కాన్పుకని అత్తగారింటి నుంచి మా ఇంటికి వచ్చింది. పంచకు ఆనుకున్న గదిలో మంచం వేశారు. ఆ గదికి పంచలోకి ఒక పొట్టి కిటికీ ఉండేది, ఊచలు లేకుండా, చెక్క తలుపుతో. కిటికీకి ఇవతల ఒక బాలింత, అవతల ఒక బాలింత. మధ్యలో నేను. నాకు తొమ్మిదేళ్లుంటాయేమో. బడి వానకు కారిపోతోందని సెలవులిచ్చారు.

అక్కకు పథ్యం అవ్వ పెట్టేది. పాతబియ్యం అన్నం చారెడు, వెల్లుల్లి కారప్పొడి, దాని మీద నువ్వుల నూనె. పగలు ఒకపూటే. దాహం అంటే కాచిన నీళ్లు గుక్కెడు. పెరుగు జలుబు, కూరలు వాతం, పప్పు బిడ్డకు కడుపునొప్పి. కొన్ని ఇళ్లలో పాలు పడతాయని బాలింతకు పాలసొర చేప పెట్టేవాళ్లు. మా ఇంట్లో మూడో నెల వచ్చేదాకా నీసు వాసన ఆ గది గడప దాటకూడదు. అక్క సాంబ్రాణి పొగలో, చెవుల్లో దూది పెట్టుకుని, తలకు గుడ్డ కట్టుకుని, ఎవరో గీసి చెరిపేసిన బొమ్మలాగా కూర్చునేది.

ఊళ్లో పథ్యం అంటే ఇంటి పరువు. బిడ్డను చూసే వంకతో వచ్చిన ప్రతి ఆడమనిషీ ఒకసారి అక్క కంచం వైపు చూసేది. కంచం ఎంత ఖాళీగా ఉంటే అవ్వకు అంత గౌరవం.

కిటికీకి ఇవతల సంగతి వేరు. పొద్దున నూకల సంకటి, మజ్జిగ. మధ్యాహ్నం చేపల తలకాయలు వేసి ఉడికించిన నూకలు. సాయంత్రం మిగిలిందంతా. కుక్క తింటున్నంతసేపూ తాత గొంతుకూర్చుని దాని డొక్కల వైపు చూస్తూ ఉండేవాడు. పిల్లలు బంతుల్లాగా అయ్యాయి. వాటి పొట్టలు నున్నగా, గోరువెచ్చగా, పాల వాసన వేసేవి. నేను ఒకదాన్ని గౌను ఒళ్లో వేసుకుని గోడకు చేరబడి ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో. పైన తాటాకు మీద వాన, దూరంగా సరుగుడు చెట్ల హోరు. ఏది సముద్రమో ఏది చెట్లో తెలిసేది కాదు. మధ్యమధ్య కిటికీలోంచి అక్క బిడ్డ ఏడుపు. అది ఏడుపులాగా ఉండేది కాదు. తలుపు కీలుకు నూనె లేనప్పుడు వచ్చే చప్పుడులాగా ఉండేది. రోజురోజుకూ ఆ చప్పుడు కూడా సన్నబడుతోంది.

కుక్క కూడు చట్టి వంటింట్లోంచి పంచలోకి మోసుకొచ్చేది నేను. ఒక మధ్యాహ్నం కిటికీ ముందు నుంచి పోతుంటే అక్క పిలిచింది. ఏమేసినారు దానికి అని అడిగింది. చెప్పాను. ఇట్టా తే, వాసన చూస్తా అంది. కిటికీ మీద చట్టి పెట్టాను. అక్క కళ్లు మూసుకుని ఆవిరి పీల్చింది. ఆ తర్వాత చెయ్యి పెట్టింది. ఉప్పూ పులుసూ లేని ఆ ముద్దలు, ముళ్లు ఏరుకుంటూ తింది. కుక్క లేచి వచ్చి కిటికీ కింద నిలబడి పైకి చూసింది. చట్టిలో సగం మిగిల్చి, దానిది దానికి పెట్టుమే అని నాకు ఇచ్చింది అక్క. న్యాయం తప్పే మనిషి కాదు.

అట్లా కొన్ని రోజులు జరిగింది. ఎవరికీ తెలియదనే అనుకున్నాం.

ఒకరోజు పొద్దున్నే తాత ఒక మేకను తోలుకొచ్చాడు. నల్లది, చెవుల మీద తెల్ల మచ్చలు. ఈనిన మేక. తెచ్చి పెరట్లో గుంజకు కట్టేశాడు. ఎందుకో చెప్పలేదు. నాకు మాత్రం సంతోషమే వేసింది, ఇంకో జంతువు చేరిందని. అవ్వ నీళ్లు తోడటానికి పెరట్లోకి వచ్చి, మేకను చూసి, బొక్కెన అక్కడే వదిలేసింది. అంతకుముందు ఆ గుంజకు మేకను కట్టింది నా కోసమేనని నాకు తర్వాత ఎప్పుడో అర్థమైంది. అవ్వకు ఆ పొద్దునే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గర చట్టి పట్టుకుని నేనూ, చట్టిలో చెయ్యి పెట్టి అక్కా ఉండగా, వెనక అలికిడైంది. వేన్నీళ్ల చెంబు పట్టుకుని అవ్వ. చట్టిని చూసింది. అక్క చేతిని చూసింది. పెరట్లో మేకను చూసింది. అక్క చెయ్యి చట్టిలోనే ఉండిపోయింది. మూతి చుట్టూ నూకలు. నేను దెబ్బ ఎక్కడ పడుతుందా అని వీపు సిద్ధం చేసుకున్నాను.

"మే, కుక్క కూడు ఆరిపోతుండాది. తొందరగా కానీండి," అంది అవ్వ. చెంబు గడప దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు కుక్క కూటిలో ఉప్పు ఉంది.

అవ్వ మరిచిపోయి వేసిందనుకున్నాను. ఆ మర్నాడు చింతపండు కూడా మరిచిపోయి వేసింది. ఆ తర్వాత తలకాయలు పోయి ముక్కలు వచ్చాయి, ముక్కల్లో ముళ్లు పోయాయి. మెంతులు వచ్చాయి. వెల్లుల్లి రేకలు నెయ్యిలో వేగి వచ్చాయి. అక్క పథ్యం కంచంలో మాత్రం మార్పు లేదు. అదే చారెడు అన్నం, అదే కారప్పొడి, అదే గుక్కెడు నీళ్లు. చూడవచ్చిన ఆడవాళ్లు చూసి, మెచ్చుకుని పోతూనే ఉన్నారు. అవ్వ అక్కతో ఒక్క మాట అనలేదు. అక్క అవ్వతో ఒక్క మాట అనలేదు. నాతో ఇద్దరూ కుక్క గురించే మాట్లాడేవాళ్లు. కుక్క బాగా తిన్నదా అని అవ్వ వంటింట్లోంచి అడిగేది. కుక్కకు పులుసు కొంచెం తగ్గితే బాగుంటుందంట అని నేను వెళ్లి చెప్పేదాన్ని. సరే అనేది.

జువ్వలదిన్నె వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె చేపలు తెచ్చేది. ఆమెను నిలబెట్టి, రేపట్నుంచి పాలసొర తెచ్చియ్యమంది అవ్వ. బాలింతకా అని ఆమె అడిగింది. మా ఇంట్లో బాలింతలకు నీసు పెట్టం గదా, కుక్కకు అంది అవ్వ. ఆమె తట్ట దించి, అవ్వ మొహం చూసి, కుక్క మొహం చూసి, చేప లేతదే తెస్తాలే అవ్వా, నమిలేదానికి మెత్తగా ఉంటాది అంది. అంతే. ఆడవాళ్లు ఇద్దరు మాట్లాడుకుంటే ఎన్ని మాటలు మిగిలిపోతాయో నేను ఆ రోజు మొదటిసారి చూశాను.

తాత ఒక్కడికే సంగతి తెలియదు. కూటికి నూకలు పోయి బియ్యం, తలకాయలు పోయి సొర వచ్చినా, కుక్క మాత్రం చిక్కిపోతోంది. దాని వాటా సగమై, సగం కాస్తా అడుగున మిగిలింది మాత్రమే అయింది. ఇంత తిండి ఎటు పోతోందని ఆయనకు ఒకటే దిగులు. కడుపులో పురుగులనుకుని వేపాకు నూరి మింగించాడు. కుక్క అది మన్నించలేదు, ఒక రోజంతా ఆయన పిలిస్తే రాలేదు. దిష్టి తగిలిందనుకుని మెడకు నల్లతాడు కట్టాడు. చివరికి తన సిద్ధాంతమే తప్పేమోనన్న దాకా వచ్చి, అరుగు మీద చెప్పడం కూడా మానేశాడు. వడ్ల బేరాలు తొందరగా తేలిపోయేవి.

ఒక మధ్యాహ్నం ఆయన పొలం నుంచి ముందే వచ్చాడు. పంచలో చట్టితో నేను ఎదురుపడ్డాను. ఆపి, చట్టిలోకి తొంగిచూశాడు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఇంకోసారి ముంచాడు. నెయ్యిలో వేగిన వెల్లుల్లి రేక ఒకటి తీసి వెలుతురుకు పట్టి చూశాడు. కుక్క ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, ఈ విషయం తనకేమీ తెలియదన్నట్టు చూసింది. కిటికీ తలుపు మెల్లగా దగ్గరికి పడింది. వంటింటి గుమ్మంలో అవ్వ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పెరట్లో మేక అరిచింది. వాన చినుకులు చూరు నుంచి ఒక్కొక్కటే పడుతున్నాయి.

"ఈ కుక్కకు ఉప్పు చాల్లా," అన్నాడు తాత. "రేపట్నుంచి ఇంకొంచెం ఎయ్యి."

మర్నాటి నుంచి పెరట్లో మూడు రాళ్లు పెట్టి, తడికట్టెలు ఊదుకుంటూ, తాత ఇంకో చట్టి పొయ్యి మీద పెట్టాడు. ఆయన జన్మలో చేసిన వంట అది ఒక్కటే. కుక్క తినేది. అంతకుమించి పొగడలేను. ఎవరైనా వచ్చి ఇదేమిటని అడిగితే, తిరుగుతూ పాలిచ్చే కుక్కకు రెండు చట్లు పెట్టాలని చెప్పేవాడు. సిద్ధాంతం మళ్లీ అరుగెక్కింది.

కిటికీ లోపలి ఏడుపు మెల్లగా ఏడుపులాగా మారింది. తర్వాత గట్టి ఏడుపయింది. ఆ తర్వాత మధ్యాహ్నం నిద్రపోయేవాళ్లు తిట్టుకునేంత అయింది. అక్క రవికె ముందు తడిసి ఉండేది. పాలవాసన కిటికీకి రెండు వైపులా ఒకటే అయింది. మేక ఎప్పుడు వెళ్లిపోయిందో నాకు గుర్తులేదు. ఒకరోజు చూస్తే గుంజ ఖాళీగా ఉంది.

ఇప్పుడు ఆ కాలువలో తెరచాపలు లేవు. గాదె లేదు, పంచ లేదు. బాలింతలకు డాక్టర్లు అన్నీ తినమంటున్నారు. పెట్టేవాళ్లకే తీరిక లేదు. ఆ బిడ్డ పెద్దవాడై, ఉద్యోగం చేసి, విరమించి, మోకాళ్ల నొప్పులని నాకు ఫోన్ చేస్తుంటాడు. చేపల పులుసంటే ప్రాణం పెడతాడు, ఉప్పు తగ్గితే ఒప్పుకోడు. డెబ్బై దాటి అక్క పోయేదాకా, మేమిద్దరం కలిసినప్పుడల్లా ఆ వానల గురించి మాట్లాడుకునేవాళ్లం. చట్టి గురించి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. కళ్లు మూసుకుంటే నాకు ఆ ఇల్లు ఇంకా వాన పొగలో తేలుతూ కనబడుతుంది. పైరు మీద తెరచాప నడుస్తుంది. కానీ ఆ ఇల్లు ఎప్పుడూ ఒక్క రోజు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

అది బిడ్డను ఉయ్యాల్లో వేసిన రోజు. అక్క అత్తగారు తన వైపు ఆడవాళ్లను బండి నిండా వెంటబెట్టుకుని వచ్చింది. వానలు వెలిసి ఎండ పొడి పసుపులాగా వాకిలంతా పరుచుకుంది. లోపల వంటింట్లో పాయసం, అరుగు మీద తాంబూలాలు. ఆమె బిడ్డను చేతుల్లో ఎగరేసి బరువు చూసింది. అక్క బుగ్గలు చూసింది. చూసి అవ్వ ముందు చాప మీద కూర్చుని మొదలుపెట్టింది. పథ్యమంటే ఈ ఇంట్లో చూడాలంట. వాళ్ల వైపు ఆడవాళ్లకు ఓర్పు లేదంట, నెల తిరక్కముందే నీసు పెట్టేసి బాలింతల్ని పాడుచేస్తున్నారంట. తన వెంట వచ్చిన పడుచువాళ్లను పిలిచి చాప చుట్టూ కూర్చోబెట్టింది. వాళ్లలో ఒకామె నిండు చూలాలు.

"ఏమేం పెట్టినావో ఈళ్లకు చెప్పు అత్తా," అంది. "పెద్దదానివి, నేర్చుకుంటారు."

అవ్వ ఆకులకు సున్నం రాస్తోంది. గోడకు ఆనుకుని అక్క బిడ్డకు పాలిస్తోంది. గుమ్మంలో తాత గొంతు సవరించుకున్నాడు. అవ్వ చేతిలోని ఆకు పళ్లెంలో పెట్టింది. ఆ చూలాలి వైపు కాసేపు చూసింది.

"నా కూతురికి పద్ధతిగా పథ్యం పెట్టినా, చచ్చిపోయింది," అంది అవ్వ. "దీనికి కుక్క కూడు పెట్టినా. బతికుండాది."